ఎండే నీటి వెంట ఎనిమిది రాత్రులు
(గుజరాత్ ఉప్పు ఎడారి, చిత్తడి నేలల యాత్ర గురించి హైదరాబాద్‌లో పక్షి ప్రేమికుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

తెర మీద గుజరాత్ పటం ఉంది. కచ్ అఖాతం లోపలికి వెళ్లి ఆగిపోయిన చోట ఒక తెల్లటి మచ్చ కనిపిస్తోంది కదా, అదే చిన్న రణ్. దాదాపు 5,000 చదరపు కిలోమీటర్లు. మన హైదరాబాద్ జిల్లాలాంటివి అందులో ఇరవైకి పైగా పడతాయి. జనవరిలో అక్కడ నిలబడితే నెర్రెలిచ్చిన నేల, ఉప్పు పొర, దూరంగా ఎండమావులు. ఆగస్టులో అదే చోట మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా నీళ్లు. రొయ్యలు పట్టేవాళ్లు పడవలేసుకుని తిరుగుతుంటారు. ఎడారి అని ఒక పేరు, చిత్తడి నేల అని ఇంకో పేరు మనం పెట్టుకున్నాం. అక్కడ రెండూ ఒకే నేల. నెల మారితే పేరు మారుతుంది.

ఆ నీళ్లు ఎక్కడివో తెలిస్తే మిగతా యాత్ర అంతా అర్థమవుతుంది. వానాకాలంలో నైరుతి గాలి అఖాతంలోని ఉప్పునీటిని సూరజ్‌బారీ పాయ మీదుగా లోపలికి నెడుతుంది. అదే సమయంలో రాజస్థాన్ వైపు నుంచి, ఉత్తర గుజరాత్ నుంచి బనాస్, సరస్వతి, రూపేణ్ నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. నేల బల్లపరుపు, అడుగున బంకమట్టి. వచ్చిన నీళ్లు ఇంకవు, పారిపోవడానికి వాలూ లేదు. ఇక ఎండాల్సిందే. అక్టోబరులో ఎండడం మొదలై, డిసెంబరు కల్లా చాలా భాగం గట్టిపడుతుంది. ఎండేకొద్దీ మిగిలిన నీరు ఉప్పెక్కుతుంది, గుంటలుగా విడిపోతుంది. ఆ గుంటల చుట్టూ పక్షులు సర్దుకుంటాయి.

ఎలా సర్దుకుంటాయంటే, కాళ్ల పొడవును బట్టి. లోతు ఎక్కువున్న చోట ఈదే బాతులు, గూడబాతులు, అదే పెలికాన్లు. మోకాలి లోతులో రాజహంసలు, అదే ఫ్లెమింగోలు. జానెడు నీళ్లలో పొడుగుకాళ్ల ఉల్లంకులు. బురద మీద గుప్పెడంత ఉల్లంకి పిట్టలు. పూర్తిగా ఎండిన చోట అడవి గాడిదలు, ఎడారి నక్కలు. మీరు ఏ వారం వెళ్తున్నారో చెప్పండి, ఎక్కడ ఏం కనిపిస్తుందో సగం ఇక్కడే చెప్పేయొచ్చు. అందుకే ఈ యాత్రకి ముందు అడగాల్సింది బస ఎలా ఉంటుందని కాదు. ఈ ఏడాది నీళ్లు ఎక్కడున్నాయి, ఎంత లోతున్నాయి, ఎంత ఉప్పగా ఉన్నాయి? ఈ మూడూ అడగండి.

ముందు తేదీల సంగతి చూద్దాం. జూన్ మధ్య నుంచి అక్టోబరు 15 దాకా అభయారణ్యాలు మూసి ఉంటాయి, కాబట్టి ఆ నాలుగు నెలలు తీసేయండి. దీపావళి సెలవుల్లో గుజరాత్ అంతా రోడ్ల మీదే ఉంటుంది, గదులు దొరకవు. పైగా రణ్ అంచులు అప్పటికి ఇంకా తడిగానే ఉండొచ్చు, జీపులు లోపలి దాకా పోలేవు. డిసెంబరు చివరి పది రోజులూ రద్దీయే. జనవరి 14 ఉత్తరాయణం, అంటే మన సంక్రాంతి. అక్కడది గాలిపటాల పండగ. ఆ రోజుల్లో అహ్మదాబాద్ ఆకాశం నిండా మాంజా దారమే. కొంగలు, గద్దలు, గబ్బిలాలు రెక్కలు తెగి పడతాయి. గాయపడ్డ పక్షుల కోసం ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి జనవరి 10 నుంచి 20 దాకా ప్రత్యేకంగా చికిత్స కేంద్రాలు నడుపుతాయి. చూడ్డానికి బాధగా ఉంటుంది. కాబట్టి జనవరి 20 నుంచి ఫిబ్రవరి 20 వరకు మంచి కాలమని నా లెక్క. చలి తట్టుకునేలా ఉంటుంది, నీళ్లు తగ్గి పక్షులు ఒక చోట చేరతాయి, రణ్ గట్టిగా ఉంటుంది. మార్చి రెండో వారం దాటితే వలస పక్షులు తిరుగు ప్రయాణం కడతాయి, ఎండ ముదురుతుంది.

ఆ నెలలోనూ ఏ వారం అన్నది తేల్చడానికి పంచాంగం తీయండి. నవ్వకండి, నిజంగానే. ఈ యాత్రలో ఒక మజిలీ సముద్రపు పాటు మీద, అంటే నీరు వెనక్కి తీయడం మీద ఆధారపడి ఉంది. అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తర్వాత రెండు మూడు రోజులకు సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది. అష్టమి, నవముల్లో తేడా తక్కువ. మీరు జామ్‌నగర్‌లో ఉండే రెండు రోజులు అమావాస్య దాటాక పడేలా చూసుకుని, అక్కడి నుంచి మిగతా తేదీలు వెనక్కీ ముందుకీ లెక్కేసుకోండి. పౌర్ణమి అయినా పాటు ఒకటే. కానీ అమావాస్య పక్షంలో రణ్‌లో చీకటి రాత్రులు కలిసొస్తాయి. చుట్టూ దీపం లేని ఆ ఆకాశాన్ని వదులుకోకూడదు.

దారి ఇదీ. హైదరాబాద్ నుంచి విమానంలో అహ్మదాబాద్. రైల్లో అయితే సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ వైపు వెళ్లేవి విరంగాం మీదుగా పోతాయి. విరంగాంలో దిగితే నల్ సరోవర్, రణ్ రెండూ దగ్గరే. మొదటి రాత్రి నల్ సరోవర్ దగ్గర్లో. తర్వాత మూడు రాత్రులు చిన్న రణ్ అంచున: దసాడా, జైనాబాద్, బజాణా, ధ్రాంగధ్రా, వీటిలో ఏదో ఒక వైపు. తర్వాత రెండు రాత్రులు జామ్‌నగర్. చివరి రెండు రాత్రులు వేళావదర్. అక్కడి నుంచి అహ్మదాబాద్ మూడు గంటల ప్రయాణం. మొత్తం ఎనిమిది రాత్రులు. రణ్ నుంచి జామ్‌నగర్‌కి, జామ్‌నగర్ నుంచి వేళావదర్‌కి రోడ్డు మీద ఐదేసి గంటలు పడుతుంది. ఈ రెండు ప్రయాణాలూ మధ్యాహ్నం పెట్టుకోవాలి. పొద్దున, సాయంత్రం కారులో కూర్చుంటే ఆ రోజు పోయినట్టే.

ఇంకో చిన్న లెక్క మనవాళ్లు తరచూ తప్పుతారు. జనవరిలో విశాఖలో ఆరున్నర కల్లా సూర్యోదయం. అహ్మదాబాద్‌లో అది ఏడూ ఇరవై. జామ్‌నగర్‌లో ఇంకో పది నిమిషాలు ఆలస్యం. ఇక్కడి అలవాటుతో ఐదున్నరకే బయల్దేరదామంటే చీకట్లో చలికి వణకడం తప్ప ఏమీ ఉండదు. ఆరున్నరకు బయల్దేరితే సరిపోతుంది.

నల్ సరోవర్ దగ్గరికి వద్దాం. 120 చదరపు కిలోమీటర్ల సరస్సు, 2012 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో ఉంది. అంత పెద్ద సరస్సయినా చాలా చోట్ల ఒక మనిషి నిలబడేంత లోతు కూడా ఉండదు. మధ్యలో వందల చిన్న చిన్న లంకలు. పడవవాళ్లు తెడ్డు వేయరు, పొడుగు గెడకర్రతో అడుగును నెడుతూ నడుపుతారు. శని, ఆదివారాల్లో పోవద్దు. జనం ఎక్కువ, గోల ఎక్కువ, పక్షులు లోపలికి జరుగుతాయి. మామూలు రోజున తెల్లవారగానే మొదటి పడవ పట్టుకోండి. పడవలో టెలిస్కోప్ పనికిరాదు, ఊపుకి బొమ్మ నిలవదు. 8×42 దుర్భిణి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది చాలు. 10×42 కూడా పడవలో వణుకుతుంది.

పడవవాడికి ఎక్కగానే రెండు మాటలు చెప్పాలి. గుంపు మీదికి పోనివ్వొద్దు, పక్కగా వెళ్లి ఆపు. గాంఠియా వేయొద్దు. గాంఠియా అంటే శనగపిండి కారప్పూసలాంటిది. సముద్రపు కాకులు పడవ చుట్టూ చేరాలని కొందరు దాన్ని చల్లుతారు. ఫొటో బాగానే వస్తుంది. ఆ పక్షులకి మాత్రం నూనె, ఉప్పు, సోడా తినడం అలవాటవుతుంది. పడవవాళ్ల మీద కోప్పడాల్సిన పని లేదు, అడిగేవాళ్లు ఉంటేనే వాళ్లు వేస్తారు. అడగడం మానేస్తే ఆగిపోతుంది.

వానలు బాగా పడ్డ ఏడాది సరస్సు నిండుగా ఉంటుంది. బాతులు, నామాల కోళ్లు ఎక్కువ, బురద పిట్టలు తక్కువ. వాన తక్కువైన ఏడాది జనవరికే అంచులు బయటపడతాయి, అప్పుడు లెక్క తలకిందులు. ఇక్కడ రెండూ మంచివే. ఏది కనిపిస్తుందో ముందే తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

ఇక రణ్. దీనికి మూడు రాత్రులు ఎందుకంటే, ఒక్కో వైపు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి. ఒక రోజు ఎండిన మైదానం, ఒక రోజు బజాణా వైపు నీటి గుంటలు, ఒక రోజు బేట్లు, ఉప్పు మళ్లు. బేట్ అంటే వానాకాలంలో నీళ్లు ముంచెత్తినా మునగని మిట్ట. డెబ్బైకి పైగా ఉన్నాయి. గడ్డి, పొదలు ఉండేది ఈ మిట్టల మీదే. నీళ్లొచ్చినప్పుడు జంతువులు చేరేదీ వీటి మీదికే.

అడవి గాడిదని అక్కడ ఘుడ్‌ఖర్ అంటారు. మన ఊళ్లో గాడిద పూర్వీకులు ఆఫ్రికావి. ఇది ఆసియా జాతి, రెండూ వేరు. ఒంటి రంగు ఇసుక, పొట్ట తెలుపు, వెన్ను మీద ముదురు చార, జూలు నిక్కబొడుచుకుని ఉంటుంది. 200 కిలోలకు పైగా తూగుతుంది. గంటకి 60, 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 1960ల్లో జోరీగల ద్వారా వచ్చే సర్రా రోగం, మరో వైరస్ వ్యాధి కలిసి వీటిని ఊడ్చేశాయి. ఆ దశాబ్దం చివరి లెక్కకి 400 లోపు మిగిలాయి. 1970ల మొదట్లో అభయారణ్యం వచ్చింది. 2020లో 6,082, 2024 లెక్కలో 7,672. మన దేశంలో ఇంత చక్కగా కోలుకున్న పెద్ద జంతువులు ఎక్కువ లేవు. ఇది సంతోషించాల్సిన విషయం, అక్కడ నిలబడి ఒక్క నిమిషం సంతోషించండి. సంఖ్య పెరిగాక కొత్త తంటా కూడా వచ్చింది. రాత్రిళ్లు చుట్టుపక్కల చేలల్లో పడతాయి. జీలకర్ర, పత్తి, గోధుమ వేసే రైతులు మంచె కట్టుకుని కాపలా కాస్తారు. రైతు దృష్టిలో ఈ అందమైన జంతువు ఏమిటో కూడా అడిగి తెలుసుకోండి.

గుంపు కనిపించగానే డ్రైవర్ పక్కనే జీపు పరిగెత్తిస్తాడు, దుమ్ము లేస్తూ గాడిదలు దౌడు తీస్తుంటే ఫొటోలు బాగుంటాయని. ఒప్పుకోకండి. పిల్లలు పుట్టేది ఎక్కువగా వానాకాలంలో. అంటే మీరు వెళ్లేటప్పటికి వాటికి నాలుగైదు నెలలే. తల్లితో సమానంగా పరిగెత్తి, తల్లి నుంచి తప్పిపోతాయి. చేయాల్సింది ఇది. ఉన్న బాట వదలకుండా, గుంపుకి అడ్డం పడకుండా, వంద మీటర్ల దూరంలో ఆపి ఇంజన్ కట్టేయండి. పది నిమిషాలు కదలొద్దు. వాటి చెవులు చూస్తూ ఉండండి. అన్నీ మీ వైపు నిక్కి ఉంటే ఇంకా బెదురు తీరలేదని. ఒక్కొక్కటే తల దించి మేయడం మొదలుపెడితే మిమ్మల్ని పక్కన పెట్టేశాయని. ఆ తర్వాత చాలాసార్లు అవే దగ్గరికి వస్తాయి.

ఫొటోలు తీసేవాళ్లకి ఒక మాట. తొమ్మిదిన్నర దాటాక రణ్‌లో నేల వేడెక్కి గాలి పొరలు కదులుతాయి. దూరపు జంతువు నీళ్ల మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా బొమ్మ పదునుగా రాదు. చాలామంది లెన్స్ పాడైందనుకుని కంగారు పడతారు. లోపం గాలిది. సూర్యోదయం నుంచి రెండు గంటలు, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. మధ్యలో కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. లెన్స్ మార్చాలంటే బసలో మార్చండి, జీపులో వద్దు. అక్కడి దుమ్ములో ఉప్పు ఉంటుంది. ట్రైపాడ్ కాళ్ల మరలు, బిగింపులు రోజూ రాత్రి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టకపోతే నెలకే తుప్పు పట్టి బిగుసుకుంటాయి.

అడవి గాడిద ఒక్కటే చూసి వెనక్కి వచ్చేవాళ్లున్నారు, అన్యాయం. నక్కలు రెండు రకాలు. తోక కొస తెల్లగా ఉంటే ఎడారి నక్క, నల్లగా ఉంటే మన గుంటనక్క. మొహాలు చూసి తేల్చడం కష్టం, తోక చూస్తే చాలు. మైదానం అంచున, పొదలు పలచబడే చోట మెక్వీన్స్ బస్టర్డ్ శీతకాలంలో దిగుతుంది. మన రోళ్లపాడు బట్టమేక పిట్టకి చుట్టం, కాకపోతే చిన్నది. అది కదలకుండా నిలబడితే మట్టిగడ్డకీ దానికీ తేడా తెలియదు. వెతికేటప్పుడు జీపు మెల్లగా పోనిచ్చి, ప్రతి రెండు మూడు వందల మీటర్లకీ ఆపి దుర్భిణితో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తుడిచినట్టు చూడాలి. అది పరిగెత్తి ఆగుతుంది, ఆగి పరిగెత్తుతుంది. కదలికే పట్టిస్తుంది.

బజాణా వైపు గుంటల్లో రాజహంసలు రెండు రకాలూ కలిసి ఉంటాయి. ముక్కు గులాబీ రంగులో ఉండి కొస నల్లగా ఉంటే పెద్దది. ముక్కంతా ముదురు ఎరుపులో, దూరానికి నల్లగా కనిపిస్తే చిన్నది. పెద్దది నీళ్లలో రొయ్యపిల్లలు, పురుగులు, నత్తలు తింటుంది. చిన్నది దాదాపు పూర్తిగా నీలి ఆకుపచ్చ నాచు మీద బతుకుతుంది. నాచు బాగా పెరిగే ఉప్పు గుంటలు దానికి కావాలి. నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయని మొదట్లో అడగమన్నది ఇందుకే. గుంట అంచున దిగి నడవాలనిపిస్తుంది. దిగకండి, పైపొర ఎండినట్టే ఉంటుంది, కాలేస్తే మోకాలి దాకా పోతుంది.

జీపు సంగతీ అంతే. రణ్‌లో జరిగే ప్రమాదాల్లో ఇదే ముఖ్యమైనది, కాస్త వివరంగా చెబుతాను. పైన రెండు అంగుళాల పెళుసు పొర, కింద జిగట బంకమట్టి. డ్రైవర్లు పాత చక్రాల జాడ వదలనిది అందుకే. దగ్గరిదారని జాడ తప్పితే పొర పగిలి చక్రం దిగుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే చక్రం గిరగిరా తిరిగి తన గుంట తనే తవ్వుకుంటుంది, ఇరుసు దాకా కూరుకుపోతుంది. తొక్కడం ఆపాలి. అందరూ దిగాలి. టైర్లలో గాలి 30, 35 నుంచి 18, 20కి తగ్గించాలి. చక్రం నేలని తాకే వైశాల్యం పెరుగుతుంది. చక్రాల ముందు తవ్వి, పట్టాలో కొమ్మలో పరిచి, మెల్లగా మొదటి గేరులో తీయాలి. ఇంకో జీపు సాయానికొస్తే అది గట్టి జాడ మీదే ఆగి తాడుతో లాగాలి, పక్కకి వస్తే అదీ దిగబడుతుంది. లోపల చాలా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. కాబట్టి బయల్దేరే ముందు మూడు ప్రశ్నలు వేయండి. పార, తాడు, గాలి పంపు జీపులో ఉన్నాయా? ఏ వైపు వెళ్తున్నామో బసలో చెప్పారా? మనిషికి మూడు లీటర్ల నీళ్లున్నాయా? శీతకాలంలో అకాల వాన పడితే, దాన్ని అక్కడ మావఠూ అంటారు, రెండు మూడు రోజులు రణ్‌లోకి వెళ్లడం కుదరదు. నర్మదా కాలువల్లో మిగిలిన నీళ్లు వదిలినా కొన్ని దారులు తెగుతాయి. అలాంటప్పుడు డ్రైవర్ వద్దంటే బతిమాలకండి.

ఉప్పు మళ్ల దగ్గరకి తప్పకుండా వెళ్లండి. నౌపడాలో మనవాళ్లు సముద్రపు నీళ్లు మళ్లలోకి తెచ్చి ఉప్పు పండిస్తారు. రణ్‌లో అగరియాలు, అంటే అక్కడ ఉప్పు పండించేవాళ్లు, భూమిలోంచి తోడతారు. కింద ఉన్న నీరు సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పు. ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ చిక్కబరుస్తారు. ఉప్పునీటి చిక్కదనం చెప్పే బోమే కొలతలో 25 డిగ్రీల దగ్గర ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. అక్టోబరులో కుటుంబాలతో సహా లోపలికి వచ్చి, ఎండాకాలం దాకా అక్కడే గుడిసెల్లో ఉంటారు. పెద్ద పళ్లున్న కర్రతో మడి అడుగు రోజూ దువ్వాలి, లేకపోతే పలుకు పెరగదు. ఇదివరకు తోడడానికి డీజిలు ఖర్చే పంటలో పెద్ద భాగం మింగేది. ఇప్పుడు చాలామందికి సౌర పంపులు వచ్చాయి. వాళ్లు తాగే నీళ్లు ట్యాంకరులో వస్తాయి, కాబట్టి మీ సీసాలు అక్కడ నింపుకోవద్దు. మడిలో కాలు పెట్టొద్దు, చిట్లిన పలుకుకి ధర రాదు. ఫొటో అడిగి తీయండి.

రణ్ నుంచి జామ్‌నగర్. ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఖిజడియా. ఆరు చదరపు కిలోమీటర్లే. 1920ల్లో నవానగర్ సంస్థానం సముద్రం నుంచి భూమిని కాపాడడానికి గట్లు కట్టింది. ఒక పక్క నదుల మంచినీళ్లు ఆగాయి, రెండో పక్క ఉప్పు పాయలు, ఉప్పు మళ్లు. గట్టు మీద నిలబడి ఇటు తిరిగితే తామరాకులు, అటు తిరిగితే సముద్రపు పక్షులు. రామ్‌సర్ జాబితాలో చేరినట్టు 2022లో ప్రకటించారు. నల్లమెడ కొంగలు, అరుదైనవి, ఒకటి రెండు ఇక్కడ చూడొచ్చు. టెలిస్కోప్ ఉన్నవాళ్లు తీసుకెళ్లండి, గట్టు మీద నిలబెట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు.

మరుసటి రోజు నరారా. మన దేశంలో మొట్టమొదటి సముద్ర జాతీయ పార్కు 1982లో ఈ అఖాతంలోనే వచ్చింది. పగడపు దిబ్బలు చూడ్డానికి ఇక్కడ ఈదక్కర్లేదు. పాటు తీస్తే నడిచే వెళ్లొచ్చు. పాటు రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల పాతిక నిమిషాలకి ఒకటి. అంటే ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న ఎనిమిదింటికి వెళ్లారని మీరూ ఎనిమిదింటికి వెళ్తే కుదరదు. పట్టికలో పాటు అడుగు తాకే సమయం చూసి, దానికి గంటన్నర ముందే నడక మొదలుపెట్టాలి. ఆ సమయానికి చివరి చోట ఉండి, నీరు తిరిగిందనగానే మీరూ తిరగాలి. బల్లపరుపు తీరంలో పోటు ముందు నుంచి రాదు, మీ వెనకున్న పల్లాలు ముందు నిండుతాయి. అటవీ శాఖ గైడు లేకుండా అడుగు పెట్టొద్దు.

చెప్పులు పనికిరావు. గట్టి అట్ట ఉన్న పాత బూట్లు, లోపల మేజోళ్లు. పగడం కోస్తుంది, ముళ్ల చెండుల్లాంటి సముద్రజీవులు గుచ్చుకుంటాయి. ఇసుక మీద అడుగు వేయాలి, పగడం మీద కాదు. చిన్న చిన్న మడుగుల్లో ఆక్టోపస్, బుంగమూతి చేప, నక్షత్ర చేప, రకరకాల పీతలు కనిపిస్తాయి. బుంగమూతి చేప ఉబ్బడం చూడాలని దాన్ని నీళ్లలోంచి తీయమని అడుగుతుంటారు. అది భయంతో ఉబ్బుతుంది. ఉబ్బకుండా ఉన్నప్పుడే అది అందంగా ఉంటుంది.

వేళావదర్‌ని చివర పెట్టడానికి కారణం ఉంది. అప్పటికి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, ఇక్కడ ఊరికే కూర్చుంటే చాలు. 34 చదరపు కిలోమీటర్ల గడ్డిభూమి, 1976లో జాతీయ పార్కు అయింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. దాన్ని వందల సంఖ్యలో, తల ఎత్తితే కనిపించేంత దగ్గరగా చూడాలంటే ఇక్కడికే రావాలి. తోడేళ్లు, చారల దుమ్ములగొండి తెల్లవారుజామున తిరుగుతాయి. జింకలన్నీ ఒకే వైపు చూస్తూ బిగుసుకుని నిలబడ్డాయంటే, మీరూ అటే చూడండి.

సాయంత్రం నాలుగున్నర నుంచి ఇంకో పని. పిల్లిగద్దలు, అదే హారియర్లు. మధ్య ఆసియా నుంచి వచ్చి, పగలంతా చుట్టుపక్కల చేల మీద మిడతలు, చిన్న పక్షులు పట్టుకుని తిని, పొద్దుగూకే ముందు ఈ గడ్డిలోకి చేరతాయి. చెట్ల మీద కాదు, నేల మీదే పడుకుంటాయి. ప్రపంచంలో పెద్ద సంఖ్యలో ఇవి కలిసి నిద్రపోయే చోట్లలో ఇదొకటి. మొదట ఒకటి, పది నిమిషాలకి ఇంకొకటి. సూర్యుడు మునిగే ముందు అరగంటలో లెక్క తప్పిపోతుంది. గడ్డి మీద మూడు నాలుగు అడుగుల ఎత్తులో రెక్కలు ఆడించకుండా జారుతూ చుట్లు కొడతాయి. జీపు దిగకూడదు, దీపం వేయకూడదు. ఒక్క మనిషి గడ్డిలోకి నడిస్తే అవన్నీ లేచిపోతాయి, చీకట్లో మళ్లీ చోటు వెతుక్కోవాలి.

నాట్యం చేసే నెమలిపిల్లలాంటి చిన్న ఫ్లోరికన్ పక్షి పేరు వేళావదర్‌తో కలిపి వింటుంటాం. అది గంతులేసేది వానాకాలంలో, అప్పుడు పార్కు మూసి ఉంటుంది. శీతకాలంలో దాని కోసం వెతికి పొద్దు వృథా చేసుకోవద్దు. అక్కడ మన సర్కారు తుమ్మ కూడా కనిపిస్తుంది. గుజరాతీలో గాండో బావళ్, అంటే పిచ్చి తుమ్మ. దాని కాయలు తియ్యగా ఉంటాయి. గాడిదలు, జింకలు తిని గింజలు చల్లుతాయి. గడ్డిని మింగేస్తుంది. పార్కు వాళ్లు ఏటా పీకుతూనే ఉంటారు.

కచ్‌లో బన్నీ గడ్డిభూమి, ఛారీ ధండ్ గురించి అడుగుతారని తెలుసు. ధండ్ అంటే లోతు తక్కువ సరస్సు. నీళ్లున్న ఏడాది వేల బెగ్గురు కొంగలు రాత్రి ఆ నీళ్లలో నిలబడి నిద్రపోయి, పొద్దున్నే చేల మీదికి లేస్తాయి. ఫులాయ్ ఊరి పీలు చెట్లలో హైపోకోలియస్ అనే పిట్ట కోసం విదేశాల నుంచి వస్తారు. కానీ వాన తక్కువైతే ధండ్ మొత్తం ఎండిపోతుంది. దానికి భుజ్‌లో ఇంకో మూడు రాత్రులు, అటవీ శాఖ అనుమతి, సరిహద్దు ప్రాంతం కాబట్టి అసలు గుర్తింపు కార్డులు కావాలి. ఎనిమిది రాత్రుల్లో ఇరికించవద్దు.

(ప్రశ్నలు)

నాలుగు రోజులే సెలవుంటే ఏం చూడాలని అడిగారు. నల్ సరోవర్ ఒక పొద్దు, రణ్ మూడు రాత్రులు. వేళావదర్ కూడా కలిపితే రెండూ సగం సగమే అవుతాయి.

అరవై దాటినవాళ్లు రాగలరా అని. వేళావదర్, ఖిజడియా హాయిగా. రణ్ జీపులో కుదుపు ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు ముందు సీటు అడగండి, వెనక బల్ల మీద వద్దు. నరారా నడక తడి రాళ్ల మీద, మోకాళ్లు గట్టిగా ఉంటేనే. తెల్లవారుజామున రణ్‌లో చలి పది డిగ్రీలకి దిగుతుంది, తెరిచిన జీపులో గాలి ఇంకా కోస్తుంది. చెవులు కప్పే టోపీ మర్చిపోవద్దు. పదింటికల్లా అన్నీ విప్పేయాల్సి వస్తుంది, కాబట్టి ఒక మందపాటి కోటు కంటే మూడు పలచటి పొరలు మేలు.

ఇక్కడే పులికాట్ ఉండగా అంత దూరం ఎందుకన్నారు. పులికాట్ ముందు చూడండి, నిజంగా. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి రాజహంసల ముక్కులు, ఉల్లంకుల కాళ్లు గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి. నేలపట్టులో గూడబాతులు చూడండి. కళ్లకి ఆ సాధన ఉంటే రణ్‌లో మొదటి రోజు పుస్తకం తిరగేయడంలో పోదు.

నీళ్లు ఉన్నాయో లేదో ఇక్కడి నుంచి ఎలా తెలుస్తుందన్నది చివరి ప్రశ్న. బయల్దేరడానికి పది రోజుల ముందు బసకి ఫోన్ చేసి, పక్షులు బాగున్నాయా అని అడగకండి. బాగున్నాయనే అంటారు. బజాణా వైపు ఏ గుంట దాకా జీపు పోతోంది? రాజహంసలు ఒడ్డు నుంచి ఎంత దూరంలో నిలబడుతున్నాయి? గత వారం వాన పడిందా, కాలువ నీళ్లు వదిలారా? గైడుతోనే మాట్లాడించమనండి. ఈ మూడింటికీ వెంటనే జవాబు చెప్పగలిగాడంటే అతను నిన్న సాయంత్రం అక్కడున్నాడని అర్థం. అతన్నే మీ పేరు మీద రాసిపెట్టమనండి.